అర్థమైందని చెప్పిన రోజు

మార్గశిర శుద్ధ విదియ, బుధవారం

ఇన్నాళ్లూ నేను ఏదీ రాసుకోలేదు. రాయకూడదన్నది మా ఉద్యోగంలో మొదటి షరతు. విన్నది చెవి దాటి ఇంటికి రాకూడదు. మనసు బరువెక్కిన రోజున దేవుడి గూటి ముందు కూర్చుని అప్పన్నస్వామికి చెప్పుకునేదాన్ని. ఆరేళ్లు అది సరిపోయింది. తొమ్మిది రోజులుగా సరిపోవడం లేదు. దీపం పెడతాను, నోరు తెరుస్తాను, మాట రాదు. స్వామి ముందు కూడా సిగ్గేస్తోంది. అందుకే పదో తరగతి పరీక్షల తర్వాత మళ్లీ ఇప్పుడు ఇంత పొడుగున కలం పట్టాను.

నా పేరు వరహాలమ్మ. యాభై ఏళ్లు. కాపలా సంస్థలో వినే సాక్షిని. దేశానికి హాని తలపెట్టేవాళ్లు ఎవరో కనిపెట్టి పట్టుకునే సంస్థ అది. కనిపెట్టేది యంత్రం. మాకు టీలు ఇచ్చే పాపినాయుడు దానికి పంతులని పేరు పెట్టాడు. జరగబోయేది చెబుతుంది కనక. పంతులు ఫలానా మనిషి ప్రమాదమని కాగితం రాసిస్తే, అధిపతి సంతకం పెడితే, ఆ మనిషిని కోర్టు లేకుండా తొంభై రోజులు లోపల ఉంచవచ్చు.

మా అధిపతి కర్రి ఇందుమతిగారు. సంస్థలో ఎవరూ ఆమెను అధిపతి అనరు, లాయరమ్మగారు అంటారు. సముద్రం లోపలికి వచ్చి ఊళ్లు మునిగిన రోజుల్లో, మునిగిన భూమికి పట్టా ఎవరిదని విజయనగరం కోర్టులో వాదించేవారట. తర్వాత ఈ కాపలా సంస్థ మీదే కేసులు వేశారు. మా మనిషిని ఎందుకు పట్టుకెళ్లారో చెప్పండని అడుగుతూ నలభైకి పైగా కేసులు. గెలిచినవి తక్కువ. ఒకసారి వారం రోజుల్లో మూడు వందల మందిని పట్టుకెళ్లి, ఒక్కరి మీద కూడా ఏదీ రుజువు కాక పెద్ద గొడవైంది. అప్పుడు దేశాన్ని ఏలే సభవారు, "ఇన్ని తప్పులు పట్టావు గదా, నువ్వే నడిపి చూపించు" అన్నారు. ఆమె సరేనన్నారు.

వచ్చిన మొదటి నెలలోనే రెండు నియమాలు పెట్టారు. ఒకటి, మనిషిని పట్టుకెళ్లే ప్రతి కాగితాన్నీ పదో తరగతికి మించి చదవని మనిషికి చదివి వినిపించాలి. ఆ మనిషి విని, అర్థమైందని చెప్పి, సొంత మాటల్లో తిరిగి చెబితేనే సంతకం. "ఎందుకు పట్టుకెళ్తున్నామో మామూలు మనిషికి చెప్పలేకపోతే పట్టుకెళ్లే హక్కు మనకు లేదు" అనేవారు. రెండోది, ఒకసారి సంతకం పడ్డాక అధిపతి కూడా దాన్ని మార్చకూడదు. మార్చేది సభవారి న్యాయపీఠమే. రేపు అధిపతి కుర్చీలో కూర్చునేవాడు తనవాళ్లను వదిలేసి పరాయివాళ్లను ఉంచకుండా ఉండాలని ఆ జాగ్రత్త.

ఆ మామూలు మనిషిని నేను. ఆరేళ్లలో ఇరవై ఆరు కాగితాలకు నాకు అర్థం కాలేదని చెప్పాను. ఆ ఇరవై ఆరుగురూ ఇళ్లలోనే ఉన్నారు.

తొమ్మిది రోజుల కిందట, కార్తీక సోమవారం నాడు, ఇరవై ఏడోది చెప్పవలసింది. చెప్పలేదు.

ఆ రోజు సభ నుంచి ముగ్గురు పెద్దలు వచ్చి కూర్చున్నారు. లాయరమ్మగారికి మళ్లీ ఆరేళ్లు ఇవ్వాలా, ఈ వినే సాక్షుల పద్ధతి ఉంచాలా అన్నది మార్గశిర బహుళ పాడ్యమినాడు ఓటు వేస్తారు. వీళ్లు పని చూడ్డానికి వచ్చారు. వాళ్లలో పెద్దాయన సోమరాజుగారు. ఆయనకు యంత్రం ఒక్కటే చాలు. కూర్చోగానే నన్ను చూసి, "ఈవిడకి అర్థమయ్యేలా దేశాన్ని కాపాడాలంటే మీకు చాలా ఓపికుండాలి మేడమ్" అన్నారు. పక్కవాళ్లు నవ్వారు. లాయరమ్మగారు నవ్వలేదు.

కాగితం మైలపల్లి దానయ్య అనే లస్కరు గురించి. పట్నంలోకి సముద్రం రాకుండా కట్టిన గోడకి, నీళ్లు వదిలే నాలుగో లాకు దగ్గర తలుపులు ఎత్తి దించే పని అతనిది. డ్యూటీ లేని రోజుల్లో పదకొండు సార్లు తన తాళంతో మెట్ల తలుపు తీసి గోడ అవతలికి వెళ్లాడు. వెళ్లినప్పుడల్లా, అందరి చేతికీ ఉండే, మాటలు వినే సర్కారు కడియం ఇంట్లో వదిలేశాడు. ఆ పదకొండు రోజులూ సముద్రం పోటు మీద ఉండి గోడకి నీళ్లు అన్నిటికంటే ఎత్తున తగిలే రోజులు. కాబట్టి లాకు తలుపు తెరిచి పట్నాన్ని ముంచే ఆలోచనలో ఉన్నాడు. ఇదీ కాగితం.

నాకు వెంటనే ఒక అనుమానం వచ్చింది. డ్యూటీలో రోజూ ఆ తలుపు అతని చేతిలోనే ఉంటుంది గదా. చెడ్డపని చెయ్యాలంటే డ్యూటీ లేని రోజున పనిగట్టుకుని వెళ్లడం ఎందుకు? ఇంత చిన్న ప్రశ్న. అడిగితే సోమరాజుగారు మళ్లీ నవ్వుతారు, అమ్మగారు చిన్నబోతారు, పద్ధతి పోతుంది అనిపించింది.

"అర్థమైందా వరహాలమ్మగారూ?" అన్నారు లాయరమ్మగారు.

"అర్థమైందండి."

తిరిగి చెప్పాలి. ఏడేళ్లప్పుడు మా అమ్మమ్మ నాకు సహస్రనామం నేర్పింది. అర్థం తెలియకుండా వెయ్యి పేర్లూ తప్పులేకుండా చెప్పేదాన్ని. ఆ రోజు దానయ్య కాగితం కూడా అలాగే చెప్పాను, తేదీలతో సహా, ఉన్నది ఉన్నట్టు. సోమరాజుగారు, "అబ్బో, ఈవిడే ఒక యంత్రం!" అన్నారు. లాయరమ్మగారు నా వైపు ఒక్క క్షణం చూసి, తల వంచి సంతకం పెట్టారు.

మార్గశిర శుద్ధ చవితి, శుక్రవారం

ఇవాళ లక్ష్మీపూజకి ఇత్తడి సామాను తోముతున్నాను. ఉప్పుగాలికి రెండు రోజులకే పచ్చగా చిలుమెక్కుతాయి. తాగేనీళ్లు మనిషికి రెండు చెంబులే కనక తోమడం బూడిదతోనే. చేతులు పనిలో ఉన్నప్పుడు నా నోరు ఏదో ఒకటి చదువుకుంటుంది. స్తోత్రమే చదువుతున్నాననుకున్నాను. వింటే అది దానయ్య కాగితం.

"జూన్ ఇరవై ఆరు, జూలై పదకొండు, జూలై ఇరవై ఆరు..." అంటూ పోతున్నాను. నవంబర్ ఆరు దగ్గర నా చేతిలో కుంది ఆగిపోయింది. నవంబర్ ఆరు దీపావళి. ఈ కుందిలోనే దీపం పెట్టాను ఆ రోజు.

బూడిద చేతులతోనే గోడ మీద పంచాంగం తిప్పాను. జ్యేష్ఠ పౌర్ణమి, జ్యేష్ఠ అమావాస్య, ఆషాఢ పౌర్ణమి. అలా కార్తీక పౌర్ణమి దాకా పదకొండుకు పదకొండూ. ఒక్కటి కూడా తప్పలేదు. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు ఎక్కువని యంత్రానికి తెలుసు. ఆ రోజున మనుషులు ఏం చేస్తారో దానికి తెలియదు.

కడియం ఎందుకు తీసేశాడో కూడా నాకు తోచింది. నేనూ పూజకి కూర్చునే ముందు అది తీసి వంటింటి కిటికీలో పెడతాను. మన మాటలు వినే వస్తువును దేవుడి ముందుకి తీసుకెళ్లబుద్ధి కాదు.

సాయంత్రం ఆఫీసులో పాపినాయుణ్ణి మామూలుగా అడిగినట్టు అడిగాను, పంతులుకి తిథులు తెలుసా అని.

"ఏటి వరాలప్పా, ఉపాసాలతో నీరసమొచ్చీసినాదేటి?" అని నవ్వాడు. "ఆడికి తిథేటి, నచ్చత్రమేటి? పంచాంగం నేని పంతులు మన పంతులు! అందుకే ఎవలికీ పెళ్లి ముహూర్తం ఎట్టడు, జైలు ముహూర్తమే ఎడతాడు."

నాకు నవ్వు రాలేదు. టీ చల్లారిపోయింది.

మార్గశిర శుద్ధ సప్తమి, సోమవారం

లాయరమ్మగారి గదికి వెళ్లాను. ఆరేళ్లలో పిలవకుండా వెళ్లడం ఇదే మొదటిసారి. ఆమె కళ్లద్దాలు తీసి కళ్లు నలుపుకుంటున్నారు.

"అమ్మగారూ, దానయ్య కాగితం నాకు అర్థం కాలేదండి. అర్థమైందని అబద్ధం చెప్పాను."

"కూర్చోండి" అన్నారు. కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నారు. తర్వాత, "నాకు తెలుసు. మీరెప్పుడూ చెప్పేటప్పుడు మధ్యలో తడుముకుంటారు. మా వీధిలో ఫలానావాడు ఉన్నాడే, అలాంటిదన్నమాట అంటారు. ఆ రోజు ఒక్కసారి కూడా తడుముకోలేదు. నేను అప్పుడే ఆపాల్సింది" అన్నారు.

"మరి సంతకం ఎందుకు పెట్టారండి?"

"మీరు ఎందుకు అర్థమైందన్నారో అందుకే."

నా ప్రశ్న చెప్పాను. తిథుల సంగతి చెప్పాను. ఆమె లేచి కిటికీ దగ్గరకు వెళ్లారు. అక్కణ్నుంచి గోడ మొత్తం కనిపిస్తుంది, ఇటు పట్నం, అటు సముద్రం.

"నేను దాన్ని రద్దు చెయ్యలేను" అన్నారు. "చెయ్యకూడదని నేనే రాశాను. న్యాయపీఠానికి వెళ్లాలి. వెళితే సాక్షికి అర్థం కాకుండానే సంతకం పడిందని అక్కడ చెప్పాలి. ఓటుకి ఇంకా తొమ్మిది రోజులున్నాయి. ఈ మాట ఇప్పుడు బయటికొస్తే సోమరాజుగారికి అంతకంటే ఏం కావాలి? నేను పోతాను, సాక్షులు పోతారు. తర్వాత పంతులు రాసిందే రాత. వెయ్యిమంది దానయ్యలు. తొమ్మిది రోజులు ఆగి, ఓటు అయ్యాక వెళ్తే?"

ఆమె నన్ను అడుగుతున్నారా, తనలో తాను అనుకుంటున్నారా తెలియలేదు. ఆమె లెక్క తప్పని నేను అనలేను. వెయ్యిమంది ఎక్కువ, ఒక్కడు తక్కువ. ఆ మాత్రం నాకూ తెలుసు.

"అలాగేనండి" అనబోయాను. ఆ మాట నోటిదాకా వచ్చింది. అదే మాట, అదే మర్యాద. మింగేశాను.

"తొమ్మిది రోజులు అతను లోపలుంటాడండి. నేను రోజూ వచ్చి ఇంకొకళ్ల కాగితం వినాలి. వినలేనండి" అన్నాను. నా గొంతు ఎప్పుడూ చిన్నదే. ఆమె వినలేదేమో అనుకున్నాను. విన్నారు.

మార్గశిర శుద్ధ దశమి, గురువారం

ఇవాళ పొద్దున్న లాయరమ్మగారు నన్ను కింది అంతస్తుకు తీసుకెళ్లారు. దానయ్య గది చూశాను. అతనికి నలభై ఉంటాయి. చేతులు గ్రీజు మరకలతో నల్లగా ఉన్నాయి. మమ్మల్ని చూసి మంచం మీంచి లేచి, తువ్వాలు భుజం మీంచి తీశాడు.

"దానయ్యా, గోడ అవతలికి ఎందుకు వెళ్తున్నావు?" అన్నారు ఆమె.

"సెప్పనమ్మా. అడిగినోల్లందరికీ అదే సెప్పినాను. కొట్టినా సెప్పను."

"ఇక్కడ ఎవరూ కొట్టరు."

"కొట్టనేదులే. అన్నం బానే ఎడతన్నారు. మా ఇంట్లోదానికంటే కూర బాగుంది, దానికి సెప్పకండి" అన్నాడు. గుమ్మం దగ్గర గార్డు కూడా నవ్వాడు.

నేను మెల్లగా, "అమావాస్యకీ పున్నానికీ వెళ్తున్నావు గదా నాయనా. అమ్మవారి దగ్గరకేనా?" అన్నాను.

అతని ముఖంలో నవ్వు పోయింది. నా వైపు చూశాడు, నా నుదుటి కుంకం వైపు చూశాడు. ఏదో చెప్పబోయాడు.

"ఆగు" అన్నారు లాయరమ్మగారు గట్టిగా. "ఇప్పుడు ఏమీ చెప్పకు. అధిపతిగా నేను విన్న ప్రతి మాటా యంత్రానికి ఎక్కించాలి. అది చట్టం."

గార్డును కాగితం అడిగి తెప్పించుకున్నారు. దానయ్య మంచం అంచున కూర్చుని, మోకాలి మీద పెట్టుకుని రెండు వాక్యాలు రాశారు. సంతకం పెట్టబోతూ ఆగి, "నియమం ఉంది గదా" అని నాకు చదివి వినిపించారు. "అర్థమైందా?"

"మీరు... ఇప్పుడే ఈ ఉద్యోగం మానేస్తున్నారు. మా వీధిలో... మా వీధిలో అలాంటివాళ్లు ఎవరూ లేరండి. కుర్చీలోంచి లేచి, ఈయన పక్కన వకీలుగా నిలబడతానంటున్నారు."

"సరిగ్గా చెప్పారు" అని సంతకం పెట్టి కాగితం గార్డు చేతిలో పెట్టారు. ఆ మనిషి దాన్ని రెండు చేతులతో పట్టుకుని నిలబడిపోయాడు. "తీసుకెళ్లవయ్యా, పైన ఇవ్వు. ఇక్కడ వకీలు తన మనిషితో మాట్లాడుకోవాలి" అని, మా ముగ్గురి కడియాలూ తీయించి అతనికే ఇచ్చి పంపేశారు.

తర్వాత నాతో అన్నారు: "వకీలుగా విన్నది నా ప్రాణం పోయినా ఎవరూ చెప్పించలేరు. మీకు ఆ రక్షణ లేదు వరహాలమ్మగారూ. రేపు మిమ్మల్ని అడగవచ్చు. మీరు బయట ఉండండి."

నేను కదిలాను. దానయ్య అడ్డుపడ్డాడు. "ఆయమ్మని ఉండనీండమ్మగోరూ. తిథి లెక్కెట్టింది ఆయమ్మే గదా. ఆయమ్మకి ముందే తెల్సిపోనాది."

అప్పుడు చెప్పాడు. వాళ్ల ఊరు ఆ గోడకి అవతల నీళ్ల కింద ఉంది. అమ్మవారి గుడి కూడా. పూజ తాతల నుంచి వాళ్లదే. "పోటెంత ఎక్కువో, తీత కూడా అంతే ఎక్కువుంటాది. అమాసకీ పున్నానికీ మద్దేనం మూడు గంటలకి నీరు తీసీసినప్పుడు గోపరం కొన పైకొస్తాది. జానెడు. అరగంట. అంతే. పసుపెట్టి, దీపం సూపించి వొచ్చీడమే."

"ఈ మాట మొదటే చెబితే పోయేది గదా" అన్నారు లాయరమ్మగారు.

"ఏటి పోతాది? గోడకి యాబై గజాల్లోపల రాయున్నా రప్పున్నా పేల్చీమని గదా రూలు. నాను సెప్తే నాను బయటికొస్తాను, అమ్మోరు పోతాది. తొంబై రోజులంటే ఆరు పూజలు పోతాయి. అమ్మోరు ఓర్సుకుంటాదిలే అనుకున్నాను."

నేను ముఖం తిప్పుకుని చీర కొంగుతో కళ్లు ఒత్తుకున్నాను.

మార్గశిర బహుళ పాడ్యమి, బుధవారం

నిన్న పౌర్ణమి. పొద్దున్న పది గంటలకు న్యాయపీఠం కూర్చుంది. ముగ్గురిలో సోమరాజుగారు ఒకరు.

లాయరమ్మగారు నల్లకోటు వేసుకుని వచ్చారు. ఆరేళ్లు పెట్టెలో ఉండి బూజు వాసన వేస్తోంది. పాపినాయుడు టీ ఇస్తూ, "కోటు బిగుతైపోనాది అమ్మగోరూ, మా కేంటీన్ సలవే" అని గొణిగాడు. ఆమె నవ్వాపుకుంటూ పెదవి బిగించారు.

ఆమె వాదన చాలా చిన్నది. దానయ్య ఎందుకు వెళ్లాడో తాను చెప్పనన్నారు. చెప్పవలసిన అవసరం లేదన్నారు. సాక్షికి అర్థం కాని కాగితం మీద సంతకం చెల్లదు, అంతే. సంతకం పెట్టిన మనిషిని నేనే, తెలిసే పెట్టాను, ఆ తప్పు రాసుకోండి అన్నారు. తర్వాత నన్ను పిలిచారు.

నిలబడ్డాను. అప్పన్నస్వామిని తలుచుకున్నాను. "నాకు అర్థం కాలేదండి. పెద్దవాళ్ల ముందు అడగడానికి సిగ్గుపడి అర్థమైందన్నాను. కాగితాన్ని స్తోత్రంలా అప్పజెప్పాను."

"ఏం అర్థం కాలేదు?" అన్నారు సోమరాజుగారు.

నా ప్రశ్న అడిగాను. రోజూ తాళం చేతిలో ఉన్నవాడు డ్యూటీ లేని రోజున ఎందుకు వెళ్లాలి అని. గదిలో ఎవరూ నవ్వలేదు. పీఠం మీద మధ్యలో ఉన్న ముసలాయన కాగితం ముందుకి వెనక్కి తిప్పారు. జవాబు అందులో లేదు.

సోమరాజుగారు ముందుకి వంగారు. "అప్పుడు అర్థం కాలేదు సరే. ఇప్పుడు తెలుసా, ఎందుకు వెళ్లాడో?"

ప్రమాణం చేసి నిలబడ్డాను. తెలియదంటే రెండో అబద్ధం. లాయరమ్మగారు నా వైపు చూడలేదు, బల్ల వైపే చూస్తున్నారు. దానయ్య మాత్రం చూస్తున్నాడు.

"తెలుసండి" అన్నాను.

"చెప్పండి."

"చెప్పనండి."

"ఏమిటీ?"

"అది తప్పుపని కాదండి. ఎవరికీ హాని లేదు. అంతవరకు ప్రమాణం మీద చెబుతాను. అంతకంటే చెప్పను. నన్ను ఏం చేసినా సరేనండి."

గట్టిగా మాట్లాడమని చిన్నప్పటి నుంచీ అందరూ నన్ను కోప్పడేవారే. నిన్న ఆ గదిలో నేను మెల్లగానే మాట్లాడాను. అందరికీ వినబడింది.

ముగ్గురూ లోపలికి వెళ్లి పన్నెండు దాటాక వచ్చారు. ఇద్దరు ఒకవైపు, సోమరాజుగారు ఒకవైపు. కాగితం చెల్లదు, దానయ్యను వదిలేయండి. తప్పు తెలిసీ సంతకం పెట్టినందుకు ఇందుమతిగారు మళ్లీ ఏనాడూ సంస్థలో పదవి తీసుకోకూడదు. మాట దాచినందుకు వరహాలమ్మ ఉద్యోగం ఇవాళ్టితో ఆఖరు.

మెట్లు దిగుతుంటే దానయ్య గబగబా వచ్చి మా ఇద్దరి కాళ్లకూ దణ్ణం పెట్టబోయాడు. లాయరమ్మగారు అతని భుజం పట్టుకుని, "టైమెంతైందో చూశావా? పరుగెత్తు" అన్నారు. అప్పుడు ఒంటిగంటన్నర. అతను పరుగెత్తాడు.

మార్గశిర బహుళ తదియ, శుక్రవారం

సభలో ఓటు జరగలేదు. సాక్షుల పద్ధతి ఉంచాలా తీయాలా అన్నది ఆరు నెలలు వాయిదా వేశారు. అంతవరకు నా చోట్లో ఇంకొకామె కూర్చుంటుందట, ఎనిమిదో తరగతి చదివిందట. నిన్న పాపినాయుడు చెప్పి వెళ్లాడు. మొదటి రోజే నాలుగు ప్రశ్నలు వేసిందని, కొత్త అధిపతి రెండు సార్లు మంచినీళ్లు తాగాడని నవ్వాడు.

లాయరమ్మగారు విజయనగరం వెళ్లిపోయారు. వెళ్లే ముందు మా ఇంటికి వచ్చి, దేవుడి గది గుమ్మంలో కాసేపు నిలబడ్డారు. ఆమెకు పూజలు లేవు. "ఆ తొమ్మిది రోజులు ఆగి ఉంటే ఏమయ్యేదో అని అనిపిస్తుందా మీకు?" అని అడిగారు.

"అనిపిస్తుందండి. వెయ్యిమంది గురించి భయం పోలేదు."

"నాకూ పోలేదు" అన్నారు. "పోకపోవడమే మంచిది." తాంబూలం ఇచ్చాను. తీసుకున్నారు.

ఇవాళ దీపం పెట్టి కూర్చుంటే మాట వచ్చింది. అందుకని రాయడం ఇక్కడితో ఆపేస్తున్నాను.

ఈ కాగితాలు ఎవరి చేతికి వస్తాయో తెలియదు. ఎవరైనా సరే, చేతులెత్తి అడుగుతున్నాను, పొయ్యిలో వెయ్యకండి. ఒకామె కుర్చీ ఎందుకు వదులుకుందో ఎక్కడో ఒక చోట ఉండాలి. కానీ ఎవరికీ చూపించకండి. ఏ గుడి, ఎన్నో లాకు, ఏ వేళ అన్నవి ఇందులో రాసేశాను. రాయకపోతే నేను చేసినది అర్థం కాదు. రాశాను కనక ఇప్పుడు దాని కాపలా మీది. పాత చీరలో చుట్టి, ఉప్పుగాలి తగలని చోట పెట్టండి. మీరు చదివారు. చాలు.